ఏనుగుతొట్టి నిండుకుంది

ఏడుగడపల కొండ అని పేరే గాని, ఆ కొండ మీద ఉన్నవి ఏడు గడపలు కావు, ఏడు పల్లెలు. తూర్పువైపు నిట్టనిలువు రాతిగోడ. ఆ గోడ అడుగున, ముప్పై నిలువుల లోతున, శంఖినీ నది తెల్లని నురగలు కక్కుకుంటూ, నల్లరాళ్ళ మీద నీలాలు గుమ్మరించినట్టు మెరుస్తూ పారుతూ ఉంటుంది. పైన నిలబడితే నీళ్ళు కనిపిస్తాయి, నీళ్ళ చప్పుడు వినిపిస్తుంది, గాలి వాటున ఒక్కోసారి తుంపర కూడా మొహాన పడుతుంది. దాహం మాత్రం తీరదు. దిగడానికి దారి లేకపోలేదు. బిందెతో దిగినవాడు మళ్ళీ ఎక్కి వచ్చేసరికి ఆ బిందెడు నీళ్ళూ వాడి దాహానికే సరిపోతాయి.

పల్లెలన్నిటికీ నడుమ, ఆ రాతిగోడ అంచున, ఒకే బండను తొలిచి చేసిన తొట్టి ఉంది. పూర్వం పది ఏనుగులు ఒక్కసారే దిగి జలకాలాడేవట. అందుకే అది ఏనుగుతొట్టి. దానికి ఏడు తూములు, ఆ తూముల నుంచి ఏడు పల్లెలకూ రాతికాలువలు. కట్టిన మహానుభావులెవరో గాని అంతా పద్ధతిగా కట్టారు. నీళ్ళొక్కటే లేవు.

నలభై రోజుల కిందట, ఒక మిట్టమధ్యాహ్నం, తాళ్ళచుట్టలు మోస్తున్న కంచరగాడిదను తోలుకుంటూ కుశలవర్ధనుడు ఈ తొట్టి దగ్గరికి వచ్చాడు. అతడు దిగువదేశమైన సస్యపురికి రాకుమారుడు. సస్యపురి పొలాలను తడిపేది శంఖినీ నదే. అది ఏటేటా సన్నబడిపోతుంటే, పైన దీన్ని తాగేస్తున్నదెవరో తేల్చుకు రావాలని గట్టు పట్టుకుని ఎగువకు బయలుదేరాడు. రాజవేషంతో ఈ కొండ ఎక్కితే ప్రాణాలతో దిగడం కష్టమని దారిలోనే తెలిసింది. ఇక్కడివాళ్ళు సస్యపురి రాజు పేరు వింటే పక్కకు తిరిగి ఉమ్మేస్తారు. అందుకని ఆభరణాలన్నీ మూటగట్టి ఒక గుహలో దాచి, తాళ్ళమ్ముకునే గంగులు అయ్యాడు.

తొట్టి గట్టు మీద ఒక ముసలామె ఖాళీ బిందె పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. ఆమె గురవవ్వ, తొట్టికి కాపరి.

"అవ్వా, నా గాడిదకు దాహంగా ఉంది. తొట్టిలో నీళ్ళున్నాయా?" అని అడిగాడు.

"నిండుకుంది నాయనా," అంది గురవవ్వ.

"చల్లని మాట చెప్పావు!" అని రాకుమారుడు సంబరపడిపోయి, గాడిదను లాక్కుని మెట్లన్నీ దిగాడు. అడుగున దుమ్ము తప్ప ఏమీ లేదు. గాడిద ఆ దుమ్మును ఒకసారి వాసన చూసి, తల ఎత్తి, యజమాని మొహంలోకి చాలాసేపు చూసింది. పైన గట్టు మీద చేరిన ఆడవాళ్ళు పకపకా నవ్వారు.

అందరికంటే గట్టిగా నవ్వింది వీరాంబ. చక్రాల పనిలో ఆ కొండ మీద సాటిలేని వడ్రంగి బసవాచారికి ఒక్కగానొక్క కూతురు. నడుముకు కొయ్య చెక్కే బాడిస దోపుకుని, జుట్టులో రంపప్పొట్టుతో నిలబడి ఉంది.

"ఏమబ్బీ, బియ్యం అయిపోతే అయిపోయినాయి అంటామా? నిండుకున్నాయి అంటాం. దీపం ఆరిపోతే ఆరిపోయింది అంటామా? కొండెక్కింది అంటాం. మీ ఇంట్లో ఎప్పుడూ ఏదీ నిండుకోలేదా?" అంది.

నిజంగానే నిండుకోలేదు. సస్యపురి కోటలో ధాన్యపు గదులు తలుపులు మూయడానికి వీల్లేనంతగా ఉండేవి. అయిపోవడమనేదే లేని చోట ఆ మాటతో పనేముంది? రాకుమారుడి చెవులు ఎర్రబడ్డాయి. అతడు గాడిదతో పైకి వచ్చేలోపలే అతడికి నిండుగంగులు అని పేరు పడిపోయింది. సాయంత్రానికి ఆ పేరు ఏడు పల్లెలూ తిరిగి వచ్చింది.

"ఇంతకీ నీ అసలు పేరేంది నాయనా? తొట్టి గట్టు మీద అబద్ధమాడకూడదు. ఆడితే నీళ్ళు ఉప్పు తేలతాయి," అంది గురవవ్వ.

రాకుమారుడు ఒకసారి వెనక్కి తిరిగి ఎండిన తొట్టిని చూసుకున్నాడు. ఉప్పు తేలడానికి అందులో నీళ్ళుంటే కదా అని మనసుకు సర్దిచెప్పుకున్నాడు.

"గంగులే అవ్వా," అన్నాడు.

ఆ తొట్టి ఎందుకెండిందో ఆ పూటే తెలిసింది. మూడు తరాల కిందట సస్యపురిని ఏలిన రాజొకడు తన కోటగోడలు ఒక్క వారంలో లేవాలని ముచ్చటపడి, ధూమపాదుడనే మాంత్రికుడి సాయం అడిగాడు. గోడలు లేచాయి. అందుకు బదులుగా రాజు తనది కాని మూడు కొండల అడవిని మాంత్రికుడికి ధారపోశాడు. ధూమపాదుడు ఆ అడవిని నరికి, కాల్చి, ఆ మంటతో తన భూతాన్ని మేపడం మొదలుపెట్టాడు. చెట్లు పోయాక ఊటలు పోయాయి. ఊటలు పోయాక కొండవాళ్ళు గుక్కెడు నీళ్ళ కోసం ఆ మాంత్రికుడి కాళ్ళే పట్టుకోవలసి వచ్చింది. ఆ భూతం పేరు గుటకాసురుడు. రోజూ నూరు చెట్ల మంట మింగుతుంది, నది దగ్గరికి దిగి కడుపారా తాగుతుంది, అందులో కొసరంత పైకి తెచ్చి తొట్టిలో ఉమ్ముతుంది. మూడో కొండ మీద ఇప్పుడు మిగిలింది ఒక్క తోపు. భూతం మూడు రోజులకొకసారి గాని రావడం లేదు. తోపు కూడా అయిపోతే ధూమపాదుడు ఇళ్ళ దూలాలు పీకి ఇవ్వమంటాడని జనం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బతుకుతున్నారు.

సస్యపురి రాజు అన్న మాట వచ్చినప్పుడల్లా చెప్పేవాడు ఆగి ఉమ్మేవాడు. వినేవాళ్ళూ ఉమ్మేవాళ్ళు. ఆ రాజు కుశలవర్ధనుడికి స్వయానా తాత. అతడు తల వంచుకుని తాళ్ళచుట్ట విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు.

ఆ సాయంత్రమే ధూమపాదుడు వచ్చాడు. నేల మీద నడిచినా అడుగడుక్కీ పాదాల కింద పొగ లేస్తుంది. మనిషి మాత్రం మహా మర్యాదస్తుడు. తెల్లటి ఉత్తరీయం, చేతిలో తాంబూలపు పళ్ళెం, పెదవుల మీద చిరునవ్వు.

బసవాచారి తొట్టి గట్టు మీద కూర్చున్నచోటి నుంచే, "సామీ, నది పరుగులోనే బలం ఉండాది. చక్రం కట్టి ఆ బలంతోనే దాని నీళ్ళు దానిచేతే మోయిస్తా. నీ భూతం వద్దు, ఒక్క కట్టెపుల్లా వద్దు," అన్నాడు.

"బాగుంది ఆచారీ. నలభై రోజులు గడువు. నలభయ్యోనాటి పొద్దు గుంకేలోగా మీ చక్రం ఈ తొట్టిని నింపితే నేనీ కొండ విడిచిపోతాను. చక్రం మీద నేను గాని నా భూతం గాని చెయ్యి వేయం. అయితే పందెమన్నాక హామీ ఉండాలి కదా. మీ ఒంటి వెచ్చదనం నా దగ్గర ఉంచండి," అన్నాడు ధూమపాదుడు.

అలా అని పళ్ళెంలోంచి చిటికెడు బూడిద తీసి బసవాచారి పాదాల మీద చల్లాడు. పాదాలు రాయైపోయాయి. తొట్టి గట్టు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే అతుక్కుపోయాడు.

ఆ నలభై రోజులూ రాయి రోజుకు ఇంత చొప్పున పైకెక్కింది, పని కూడా అలాగే పైకి లేచింది. బసవాచారి గట్టు మీద నుంచే కేకలేసి చెప్పేవాడు, వీరాంబ కింద చెక్కేది. గాలికి కూలిన మానుల్ని, పాత బండ్ల ఇరుసుల్ని, విరిగిన మంచాల పట్టెల్ని కూడా వదల్లేదు. నది ఒడ్డున మూడు నిలువుల చక్రం లేచింది. ఇరుసు నుంచి అంచుకు పన్నెండు ఆకులు, నీటి తోపుకు తిరగడానికి ఇరవైనాలుగు రెక్కలు. దాని ఇరుసు నుంచి రాతిగోడ కొసన ఉన్న పెద్ద గిలక దాకా, మళ్ళీ కిందికీ, ఒకే నారతాడు. ఆ తాడుకు మూరకొక ముంత. చక్రం తిరిగితే ముంతలదండ నీళ్ళు నింపుకుని పైకి వస్తుంది, తొట్టిలో ఒంపి, ఖాళీగా కిందికి పోతుంది. ఆ తాడంతా పేనింది మన నిండుగంగులు. పేనీ పేనీ అరచేతుల్లో బొబ్బలు కాసి, చితికి, గట్టిపడ్డాయి. జీవితంలో మొదటిసారి తన చేతులు తనకే నచ్చాయి.

నలభయ్యో రోజు తెల్లవారేసరికి రాయి బసవాచారి గొంతు దాకా వచ్చింది. అతడు కష్టం మీద కూతురితో చివరి మాట చెప్పాడు. "చక్రాన్ని చూడొద్దమ్మా... దాని చప్పుడు విను." ఆ తరవాత పెదవులు కూడా రాయైపోయాయి. కళ్ళు మాత్రం కదులుతున్నాయి.

పొద్దు పొడుస్తూనే వీరాంబ అడ్డుచీల పీకింది. చక్రం ఒకసారి మూలిగి కదిలింది. మొదటి ముంత గిలక మీదికెక్కి వంగి తొట్టిలోకి నీళ్ళు ఒంపేసరికి ఏడు పల్లెల జనం ఒక్క గొంతుతో అరిచారు. రెండో ముంత, మూడోది, నూరోది. తొట్టి అడుగు తడిసి నల్లబడింది.

అంతలోనే ముంతలదండ మెల్లగా ఊగి ఆగిపోయింది.

రాకుమారుడు గోడ కొసకు పరుగెత్తి తొంగి చూశాడు. చక్రం చెక్కుచెదరలేదు. శంఖినీ నదే లేదు. ఏటి ఇసుక ఎండలో మెరుస్తోంది, అక్కడక్కడ మడుగుల్లో చేపలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"అయ్యో, ఏమైంది?" అని ధూమపాదుడు మర్యాదగా అడిగి, గట్టు మీద పీట వేసుకుని తాంబూలం చుట్టుకోసాగాడు. "నేను చక్రం మీద చెయ్యి వేయలేదు సుమా."

వీరాంబ తండ్రి దగ్గర నిలబడి కొయ్యసుత్తిని రెండు చేతులా పట్టుకుంది. రాకుమారుడు ఇంకేమీ ఆలోచించలేదు. "వస్తున్నా, ఇక్కడే ఉండు," అని ఆగిన ముంతలదండను పట్టుకుని, గోడను కాళ్ళతో తన్నుకుంటూ ముప్పై నిలువులూ జారాడు. సగంలో చేయి తప్పింది. రెండు ముంతలు పగిలాయి. మూడో ముంత మెడ దొరికి, దానికి వేలాడి, మళ్ళీ తాడందుకుని ఇసుకలో పడ్డాడు. లేచి ఒళ్ళు దులుపుకోకుండా ఏటి ఎగువకు పరుగు తీశాడు.

ఆమడ దూరం పోయాక ఏరు మలుపు తిరిగే చోట బూడిదరంగు గుట్ట ఒకటి అడ్డంగా కనిపించింది. నిన్న అక్కడ ఏ గుట్టా లేదు. చూస్తుండగానే గుట్టకు ఎక్కిలి వచ్చింది. ఆ ఎక్కిలికి ఒక చేప గాలిలోకి ఎగిరి ఒడ్డున పడింది.

"ఎవరది? పొట్ట మీద చెయ్యి వేయకు, పగిలిపోతుంది," అని గుట్ట అవతలి నుంచి ఒక గొంతు ఏడుపుగొట్టుగా వినిపించింది.

అది గుటకాసురుడు. ఏరంతా పొట్టలో దాచుకుని వెల్లకిలా పడి ఉన్నాడు. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. చెవులు మాత్రం చేటలంత చేసి కొండవైపు రిక్కించాడు.

"ఇంత నీళ్ళెందుకు తాగావు?" అన్నాడు రాకుమారుడు.

"దొరగారి ఆజ్ఞ. ఏనుగుతొట్టి నిండేవరకు ఒక్క బొట్టు వదలరాదు, నిండిన మరుక్షణం నీ కట్టు తెగును, ఎచటికైనా పొమ్ము అన్నారు. అని నవ్వారు. ఎందుకు నవ్వారో తెలియలేదు." భూతానికి మళ్ళీ ఎక్కిలి వచ్చింది. "మూడు తరాలుగా విడుదల కోసం ఎదురుచూస్తున్నాను. నిండినదా?"

"నిండింది. నేను చూసే వస్తున్నాను," అన్నాడు రాకుమారుడు తడుముకోకుండా.

"నీ మాట చెల్లదు. నీ ఒంటి మీద పన్నీటి వాసన ఇంకా పోలేదు, నువ్వు ఈ కొండవాడవు కావు. కొండవారు తొట్టి గట్టు మీద నిలిచి ముమ్మారు చెప్పవలెను. వారు అక్కడ అసత్యమాడరు," అని భూతం కళ్ళు మూసుకుంది.

రాకుమారుడు వచ్చిన దారినే వెనక్కి పరుగెత్తాడు. కొండదారి ఎక్కేసరికి పొద్దు బారెడే మిగిలింది. రాయి బసవాచారి ముక్కు దాకా వచ్చింది. తొట్టి అడుగున పొద్దున్నే తడిసినదంతా ఎండకు ఆరి మళ్ళీ దుమ్ము లేస్తోంది. రాకుమారుడు వీరాంబను పక్కకు పిలిచి, ధూమపాదుడి చెవిన పడకుండా జరిగింది చెప్పాడు.

"ఒక్క మాట వీరాంబా. నిండింది అని మూడుసార్లు అరిచి చెప్పు. ఏరు కదిలి వస్తుంది."

వీరాంబ కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. "నాయన బతుకుతాడంటే నా నాలుక కోసి ఇస్తా గంగులూ. అబద్ధం మాత్రం ఆడలేను. ఈ గట్టు మీద ఆడితే ఆ అబద్ధంతో వచ్చే నీళ్ళన్నీ ఉప్పే. ఏడూళ్ళు ఏం తాగి బతుకుతాయి?"

ఆమె తండ్రి వైపు చూసింది. ఆయన కనుగుడ్లు అటూ ఇటూ కదిలాయి. వద్దంటున్నాడు. ఇంత మంచివాళ్ళను తన తాత ముంచేశాడు కదా అనుకున్నాడు రాకుమారుడు.

గురవవ్వ మెల్లగా లేచి, రాయైన బసవాచారి పెదవుల మీద రెండు చుక్కలైనా పోద్దామని బిందె వంచింది. ఏమీ రాలేదు. ఆమె బిందెలోకి తొంగి చూసి, "ఇది కూడా నిండుకుంది తల్లీ," అంది.

రాకుమారుడు ఒక్కసారిగా విరగబడి నవ్వాడు. అందరూ వాడికి మతి పోయిందనుకున్నారు.

"అవ్వా! బిందె సంగతి సరే. తొట్టి సంగతేమిటి?"

"ఏముంది నాయనా. కనబడతా ఉంది గదా, అదీ నిండుకుంది."

"ఇది అబద్ధమా?"

"అబద్ధమెట్లా అవుతాది? చుక్క లేదు గదా!"

వీరాంబ అతడి మొహంలోకి చూసింది. గాడిదను లాక్కుని మెట్లు దిగిన నిండుగంగులు గుర్తొచ్చాడు. నిండుకోవడమంటే ఏమిటో తెలియాలంటే వంటిల్లుండాలి, అందులో ఖాళీ కుండ ఉండాలి. చెట్ల మంటలు మింగే భూతానికి వంటిల్లెక్కడిది? ఆమె మొహం విచ్చుకుంది. గట్టు చివరికి పరుగున పోయి, రెండు చేతులూ నోటికి అడ్డుపెట్టుకుని, లోయ దద్దరిల్లేలా అరిచింది.

"ఏనుగుతొట్టి నిండుకుందీ!"

ఏటి ఎగువ నుంచి ఏ చప్పుడూ లేదు. ధూమపాదుడు తాంబూలం నములుతూ జాలిగా తల ఊపాడు. ఆడపిల్ల ఏడుస్తోందనుకున్నాడు.

ఆమె మళ్ళీ అరిచింది. ఈసారి ఆడవాళ్ళందరూ గొంతు కలిపారు. మూడోసారి ఏడు పల్లెల జనం, చంటిపిల్లలు తప్ప అందరూ, గట్టు మీద నిలబడి, అక్షరాలా నిజం చెప్పారు.

"ఏనుగుతొట్టి నిండుకుందీ!"

దూరంగా ఒక ఎక్కిలి వినిపించింది. ఆ తరవాత, మూడు తరాల అలసట ఒక్కసారే బయటికి వచ్చినట్టు, "హమ్మయ్య!" అన్న నిట్టూర్పు కొండల మీద దొర్లింది. ఆ నిట్టూర్పు వెనకే ఏరు వచ్చింది.

ధూమపాదుడి చేతిలోని పళ్ళెం కింద పడింది.

నీళ్ళు గోడంత ఎత్తున వచ్చి చక్రాన్ని కొట్టాయి. చక్రం కీచుమంది గాని విరగలేదు. వీరాంబ ఆకులను చెక్కింది మామూలు పరుగుకు కాదు, వరదకు. ముంతలదండ ఈల వేస్తూ పైకి పరుగు తీసింది. ముంతలు ఒకదాని మీద ఒకటి ఒంపేస్తుంటే నీళ్ళు ఎండలో వెండిలా జారి తొట్టిలో పడ్డాయి. మొదటి మెట్టు మునిగింది. బసవాచారి ముక్కు మీది రాయి కరిగింది. రెండో మెట్టు మునిగింది, గడ్డం కరిగింది. జనం ఆనందం పట్టలేక ఒకరినొకరు కౌగలించుకున్నారు.

అంతలో గిలక నుంచి పొగ లేచింది. అంత వేగానికి కొయ్య ఇరుసు ఒరుసుకుని నిప్పంటుకుంది. "తాడు! తాడు కాలిపోతాది!" అని వీరాంబ కేక పెట్టింది. రాకుమారుడు ఉరికి, పైకొస్తున్న ముంతను తాడు నుంచి అందుకుని ఇరుసు మీద గుమ్మరించాడు. భుస్సుమంది. ఇంకో ముంత, ఇంకో ముంత. నిప్పు చల్లారింది గాని తాడు గిలక గాడిలోంచి పక్కకు ఎగిరింది. దండంతా లోయలోకి జారబోతోంది. అతడు రెండు చేతులా తాడు పట్టుకుని, కాలు బండకు తన్నిపెట్టి, వెనక్కి వాలాడు. బొబ్బలు కాసి గట్టిపడిన అరచేతులు మళ్ళీ చిట్లాయి, నెత్తురు చిమ్మింది, పట్టు మాత్రం సడలలేదు. వీరాంబ వచ్చి తాడు కిందికి బాడిస దూర్చి ఒక్క తోపుతో గాడిలోకి ఎక్కించింది. దండ మళ్ళీ పరుగు అందుకుంది.

పొద్దు కొండంచును తాకే వేళకు ఏనుగుతొట్టి అంచు దాకా వచ్చి, ఒక చిన్న అల గట్టు దాటి గురవవ్వ పాదాలు తడిపింది. బసవాచారి కాలి బొటనవేలు కదిలింది. వీరాంబ వెళ్ళి తండ్రి పాదాలు పట్టుకుంది. అవి వెచ్చగా ఉన్నాయి. ఆమె నలభై రోజులుగా ఆపుకున్నదంతా ఏడ్చేసింది.

"మూడో ఆకు వదులైంది," అన్నాడు బసవాచారి. అదే ఆయన మొదటి మాట. "చప్పుడు వినమని చెప్పినా గదా అమ్మా."

వీరాంబ ఏడుస్తూనే నవ్వింది. జనమూ నవ్వారు. ఆ నవ్వుల మధ్య ధూమపాదుడు లేచి నిలబడ్డాడు. ఉత్తరీయం సర్దుకున్నాడు, చిరునవ్వు కూడా సర్దుకున్నాడు.

"ఓడిన మాట ఓడినట్టే. నేను వెళ్తున్నాను. ఆ మాట నాకు తెలుసు, నా భూతానికి నేర్పడం మరిచాను. తప్పు నాది. పోయేముందు ఒక్క ప్రశ్న. నిండుకోవడమంటే తెలియని ప్రాణులు లోకంలో రెండే చోట్ల ఉంటాయి. ఒకటి నా గుహ. రెండోది రాజుల కోట. నలభై రోజుల కిందట నిండుకున్న తొట్టిలోకి గాడిదను దింపినవాడి కథ ఏడు పల్లెల్లోనూ చెప్పుకుంటున్నారు." అతడు రాకుమారుడి వైపు తిరిగి తల వంచాడు. "ఇప్పుడు తొట్టి నిండా నీళ్ళున్నాయి. గట్టు మీదే నిలబడి ఉన్నారు. తమ పేరేమిటో సెలవియ్యండి."

నవ్వులు ఆగిపోయాయి. ఇన్ని వందల కళ్ళూ తన మీదే ఉన్నాయని రాకుమారుడికి తెలుస్తోంది. గంగులు అంటే నీళ్ళు ఉప్పవుతాయి. నిజం చెబితే వీరాంబ మొహం ఎలా మారుతుందో ఊహించుకోలేకపోయాడు. అయినా చెప్పాడు.

"నా పేరు కుశలవర్ధనుడు. సస్యపురి రాకుమారుణ్ణి. ఈ అడవిని ధారపోసింది మా తాత. అది ఆయనది కాదు."

ఎవరూ ఉమ్మలేదు. ఉమ్మడం కూడా మరిచిపోయారు. గురవవ్వ వంగి, తొట్టిలోంచి దోసెడు నీళ్ళు తీసుకుని, నెమ్మదిగా తాగింది.

"తియ్యగానే ఉండాయి," అంది.

ధూమపాదుడి చిరునవ్వు ఈసారి నిజంగానే పోయింది. "అయితే మీ నాన్నగారి కోటలో నిండుకోవడమంటే ఏమిటో నేనే వెళ్ళి నేర్పుతాను," అన్నాడు. అతడు నిలబడిన చోట నల్లటి పొగ లేచి, లోయలోకి దిగి, ఏటి వెంట దిగువకు, సస్యపురి వైపు పాకిపోయింది.

"నీ ఎదురుగానే నలభై రోజులు ఉమ్మినాను గదా," అంది వీరాంబ.

"అవును. ప్రతిసారీ పక్కకు తప్పుకున్నాను," అన్నాడు కుశలవర్ధనుడు.

ఆమె పెదవి కొస కదిలింది గాని నవ్వు దాకా రాలేదు. బసవాచారి మోకాళ్ళు తడుముకుంటూ లేచి, కూతురి చేతిలోని కొయ్యసుత్తి తీసుకుని, రాకుమారుడి చిట్లిన అరచేతిలో పెట్టాడు.

"అడవి సంగతి తీరుబడిగా తేల్చుకుందాం. ఒక్క రోజులో పెరిగేది కాదు. ముందు పోయి ఆ మూడో ఆకుకు చీల కొట్టు," అన్నాడు.

కుశలవర్ధనుడు సుత్తి బిగించి పట్టుకున్నాడు. ఒకవైపు పొగ తన ఊరికి పోతోంది, ఇంకోవైపు చక్రం పిలుస్తోంది. ఎటు కదలాలో తేల్చుకునేలోపలే కాళ్ళ కింద బండ అదిరింది. తొట్టిలో నీళ్ళు చిందాయి. రాతిగోడ కొస మీద ముందు ఐదు బూడిదరంగు వేళ్ళు కనిపించాయి, తరవాత చేటలంత చెవులు, ఆ తరవాత గుటకాసురుడి తల. కట్టు తెగిన భూతం. యజమాని లేని భూతం. దాని పొట్ట వెన్నుకు అంటుకుపోయి ఉంది.

భూతం నిండిన తొట్టిని చూసింది, ఖాళీ బిందెను చూసింది, గురవవ్వను చూసింది. ఏదో అర్థమైనట్టు మెల్లగా తల ఊపింది. తరవాత జనమంతటినీ ఒకసారి కలయజూసి, కొత్తగా నేర్చుకున్న మాటను జాగ్రత్తగా పలికింది.

"నా కడుపు నిండుకుంది."